క్రీస్తు జననము – మన పల్లెల పండుగ
(మన సంఘ వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



క్రిస్మసు పండుగను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నా చిన్ననాట మన పల్లెలలో ఈ పండుగ ఎట్లు జరిగెడిదో నేటి బాలురకు తెలుపుమనియు, దాని పరమార్థమేమో కూడ వివరింపుమనియు వారి కోరిక. నేను వేదిక నెక్కుటకు ముందు ఒక యువకుడు నాతో, “తాతగారూ, క్రీస్తునందు కులభేదము లేదని మీరే చెప్పుదురు గదా, కులసంఘ సభలో ఆయన జననమును గూర్చిన ప్రసంగమెందుకు?” అని ప్రశ్నించెను. ఆ ప్రశ్న చాల మంచిది. దానికి సమాధానము చెప్పక నేను వేదిక దిగను. అయితే ముందు పండుగ సంగతి చెప్పి పిదప ఆ ప్రశ్నకు వత్తును.

ఈ నల్లరేగడి సీమకు క్రీస్తు జననవార్త వచ్చిన విధమును మొదట జ్ఞప్తికి దెచ్చుకొందము. 1842 జూలై 31వ తేదీన హేయరు దొరగారు గుంటూరు చేరి లూథరను మిషనునకు పునాది వేసిరి. అప్పటి కలెక్టరగు స్టోక్సుగారు ఆయనకు తోడ్పడిరి. దక్షిణమున నెల్లూరిలో బాప్టిస్టు మిషను 1840లోనే ఆరంభమైనను, చాలకాలము ఫలము కానరానందున అమెరికాలోని పెద్దలు దానిని మూసివేయ తలపెట్టిరి. ఆ మిషనువారగు జూయెట్టు దొరగారు 1854 జనవరి 1వ తేదీ ఉదయమున ఒంగోలు కొండపై మోకరించి, ఈ ఊరికొక సేవకుని పంపుమని దేవుని వేడుకొనిరి. ప్రార్థనకొండ యను పేరు దానికి అట్లు కలిగినది. 1866 సెప్టెంబరులో క్లౌ దొరగారు ఒంగోలు చేరిరి. 1867 జనవరి 1వ తేదీన ఎనిమిదిమంది సభ్యులతో అచ్చట సంఘము నెలకొన్నది.

ఈ చరిత్రలో దొరల పేర్లే ముందుగా వినబడుచుండును. కాని దొరగారు మన పల్లెలకు రాకమునుపే మన పల్లెనుండి ఒకడు దేవుని వెదకుచు బయలుదేరెను. ఆయన కనిగిరి సీమకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్యగారు. ఆయన మాదిగ, తోళ్ల వ్యాపారి, యోగమార్గమును అభ్యసించినవాడు. వ్యాపారమునకై దేశము తిరుగుచు క్రీస్తు వార్తను చెవినిబెట్టి, దానిని విడువక వెంబడించి, బాప్తిస్మము పొంది, పిదప తన వారి కందరికిని తానే బోధకుడయ్యెను. వార్త మనకు వచ్చినదని చెప్పుట ఎంత సత్యమో, మనమే దాని కెదురేగితిమని చెప్పుటయు నంత సత్యము.

ఒంగోలులో అగ్రవర్ణముల బాలురు దొరగారి బడికి వచ్చుచుండిరి. మాదిగలను సంఘములో చేర్చుకొన్నయెడల తాము రామని వారి పెద్దలు తెలియజేసిరి. ఏమి చేయుటకును తోచక దొరగారును దొరసానిగారును వేర్వేరు గదులలో కూర్చుండి బైబిలు తెరువగా, ఒకరి సంగతి యొకరెరుగకయే ఇరువురును కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో ఒకే భాగమును చూచిరట. లోకమున నీచులుగా ఎన్నబడినవారినే దేవుడు ఏర్పరచుకొనెనని పౌలు చెప్పిన భాగమది. అంతట వారు పల్లెవారిని వదలరాదని నిశ్చయించుకొనిరి. బడి ఖాళీయైనది; పల్లె నిండినది.

తరువాత ధాత కరువు వచ్చినది. 1876 మొదలు 1878 వరకు ఈ జిల్లాలలో జనులు ఆకులలములు తిని మ్రగ్గిరి. అప్పుడు దొరగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల భాగమును త్రవ్వించు పనిని కంట్రాక్టుగా పుచ్చుకొని, మనవారికి కూలి కల్పించి ప్రాణములు నిలిపిరి. కూటికొరకు మతములో కలిసిరను నింద రాకుండుటకై, కరువు పని సాగినంతకాలము ఎవరికిని బాప్తిస్మమీయలేదు. కరువు తగ్గి కూలి నిలిచిపోయిన పిదప, 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇక పెట్టునదేమియు లేనప్పుడు వచ్చినవారు వారు. మన తాతలు గింజలకు అమ్ముడుపోయిరని ఎవరైన అన్నయెడల ఈ తేదీని వారికి వినయముతో చెప్పుడు.

ఇక నా చిన్ననాటి సంగతి. నేను చెప్పు దినములు 1960 ప్రాంతమువి. 1955 డిసెంబరులో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినను, కుడికాలువ నీరు 1967 వరకు విడువబడలేదు. మా ఊరు గుంటూరునకును ఒంగోలునకును నడుమ మెట్టభూమిలో నుండెను. వానలు కురిసిన పంట, లేకున్న మంట. మా పల్లెలో నిత్యాహారము జొన్న సంకటియు, వరిగ కూడును, మిరపకాయ కారమును. వరియన్నము పండుగనాటి మాట. కాబట్టి మాకు క్రిస్మసు అనగా మొట్టమొదట తెల్లని అన్నపు వాసన. దీనిని చెప్పుటకు నేను సిగ్గుపడను. ఆకలిగొన్న బిడ్డకు దేవుడు అన్నపు వాసనగా వచ్చుటలో దోషమేమున్నది?

డిసెంబరు నెల ప్రవేశింపగానే ఆడువారు గోడలకు ఎర్రమన్ను పూసి, సున్నముతో బొట్లు పెట్టుచుండిరి. మగవారు ప్రార్థనశాల కప్పున క్రొత్త గడ్డి వేయుచుండిరి. వెదురుబద్దలతో నక్షత్రము కట్టి, రంగు కాగితము లంటించి, లోపల చిన్న దీపముంచి, ఎత్తైన గడకు కట్టుట బడిపిల్లల పని. గాలి వీచినపుడు కాగితమంటుకొని నక్షత్రమంతయు కాలిపోవుటయు, మేము ఏడ్చుచు మరల కట్టుటయు దాదాపు ప్రతి సంవత్సరమును జరుగుచుండెను.

మా ఊరి సంతవీథిలో నొక సాయిబుగారు దర్జీపని చేయుచుండెను. మా పల్లెలోని బాలబాలికల కందరికిని ఒకే తానులోని గుడ్డతో చొక్కాలును పరికిణీలును కుట్టుట ఆయన పని. పండుగ ముందు మూడు రాత్రులు ఆయన మిషను చప్పుడు ఆగెడిది కాదు. డబ్బు అడిగెడివాడు కాదు. మిరప కల్లము లేచిన పిదప ఇచ్చుచుండిరి. ఒక ముసల్మాను నిద్రమాని కుట్టిన చొక్కాలతో మేము క్రీస్తు జన్మదినమును జరుపుకొంటిమి. ఈ మాటను నేటి కాలమున గట్టిగా చెప్పవలసియున్నది.

మిషను బంగళానుండి బొమ్మల కార్డులు వచ్చుచుండెను. అమెరికాలో ఎవరో తమ బంధువులకు వ్రాసికొని విడిచిన పాత కార్డులవి. వెనుకవైపు తెల్లకాగితమంటించి మాకు బహుమానముగా ఇచ్చుచుండిరి. వానిలో ఇండ్ల కప్పులపైనను చెట్లపైనను తెల్లగా ఏదో పరచుకొని యుండెను. మంచు అని పంతులుగారు చెప్పిరి గాని, మంచనగా మాకు తెల్లవారుజామున జొన్నచేలపై కురియు తడియే. అది పత్తియని మేము నిశ్చయించుకొంటిమి. క్రీస్తు పుట్టిన దేశములో ఇండ్లమీదకూడ పత్తి పండునని చాలకాలము నమ్మితిమి. చేలలో ముందుగా పగిలిన కాయలనుండి ఇంత పత్తి తెచ్చి, సరుగుడు కొమ్మకు అంటించి ప్రార్థనశాలలో నిలిపితిమి. బేత్లెహేములో పత్తియు లేదు, ఆ కార్డులలోని మంచును లేదు. వారు తమ దేశపు తెలుపును ఆ పండుగకు పూసిరి. మేము మా దేశపు తెలుపును పూసితిమి.

పండుగ రాత్రి కంజిర, తాళములు, ఒక అరువు హార్మోనియముతో నక్షత్రము వెంట పల్లె తిరిగి, ప్రతి యింటి ముంగిటను పాట పాడి, తెల్లవారుజామున ఆరాధనకు చేరుచుండిరి. పిదప ప్రేమవిందు. ఇంటింటినుండి తెచ్చిన బియ్యము ఒకే గంగాళములో వండి, పల్లె అంతయు ఒకే వరుసలో కూర్చుండి తినుచుండిరి. ఎవరు శేరు బియ్యమిచ్చిరో, ఎవరు గిద్దెడు ఇచ్చిరో విస్తరిలో తెలిసెడిది కాదు.

సోదరులారా, ఇవి వేడుకలు. పరమార్థమును నాకు నేర్పినది పుస్తకము కాదు, మా నాయనమ్మ. ఆమె మంత్రసాని. మన స్త్రీలలో అనేకులకు ఆ వృత్తి తరతరములుగా వచ్చినదని మీరెరుగుదురు. ఊరిలో నొప్పులనగానే రాత్రి యనక పగలనక ఆమెకు కబురు వచ్చుచుండెను. ఇతర దినములలో ఏ యింటి గడప తొక్కరాదో, ఆ యింటి లోపలి గదికి ఆ రాత్రి ఆమెను తొందరపెట్టి తీసికొనిపోవుచుండిరి. బిడ్డ భూమిమీద పడినపుడు మొదట పట్టునవి ఆమె చేతులు. బొడ్డు కోసి, నీళ్లుపోసి, తల్లి ప్రక్కన పరుండబెట్టునది ఆమె. పురుటి దినములు గడచిన పిదప ఆమె మరల దొడ్డివాకిట దూరముగా నిలిచి చేట చాపగా, పైనుండి జొన్నలు పోయుచుండిరి. తాను పట్టిన బిడ్డలే పెద్దవారై దారిలో ఎదురుపడి ఆమెను తొలగుమనుచుండిరి. ఆమె తొలగుచుండెను.

క్రిస్మసు రాత్రి ఉపదేశిగారు లూకా సువార్తలోని రెండవ అధ్యాయము చదివి ముగింపగానే మా నాయనమ్మ ప్రతి సంవత్సరమును ఒకే ప్రశ్న అడుగుచుండెను: “అయ్యగారూ, అంతా చదివారు గదా, ఆ తల్లికి పురుడు పోసిందెవరో చదవలేదే?”

“అందులో రాయలేదమ్మా” అని ఉపదేశిగారు చెప్పుచుండిరి.

“రాయర్లే. మా పేరు ఎక్కడ రాశారు గనక! సత్రంవాళ్లు చోటు లేదన్నా, ఆ ఊరి పల్లెలోంచి ఒక ముసల్ది దీపం పట్టుకొని వచ్చే ఉంటుంది. లేకపోతే ఆ బిడ్డ బొడ్డు ఎవరు కోశారు?”

అందరు నవ్వుచుండిరి. నేను పెద్దవాడనై కొంత చదివిన పిదప ఆ ప్రశ్న యెంత లోతైనదో తెలిసినది. సువార్తలలో మంత్రసాని మాట లేకున్నను, రెండవ శతాబ్దమునాటిదని పండితులు చెప్పు యాకోబు పేరిటి యొక గ్రంథములో, యోసేపు మంత్రసానిని వెదకబోగా కొండసీమనుండి యొక స్త్రీ దిగివచ్చెనని యున్నది. బైబిలులో అది చేరలేదు. అయినను తూర్పుదేశపు ప్రాచీన క్రైస్తవ చిత్రకారులు క్రీస్తు జననమును చిత్రించునపుడు బిడ్డకు నీళ్లుపోయు స్త్రీలను మరువక చిత్రించిరి. అక్షరమెరుగని మా నాయనమ్మ ఏ గ్రంథమును చూడక, తన చేతులను చూచుకొని ఆ సంగతి గ్రహించెను.

ఇందులోని పరమార్థమేమి? దేవుడు అందనివాడనియు, తాకరానివాడనియు, శుద్ధులైన కొందరే ఆయన సన్నిధికి పోదగుదురనియు లోకము తలచుచుండెను. అట్టివాడు నరుడై జన్మించెనని క్రిస్మసు చెప్పుచున్నది. జన్మించుటయనగా నేమి? తల్లిగర్భమునుండి రక్తముతో, మైలతో బయటపడుట. ఎవరో ఒకరి చేతులలో పడుట. పురుటింటిని మనదేశమున అంటు అందురు. దేవుడు ఆ అంటులో పుట్టెను. తన్ను తాకుమని తనంతట తాను నరుల చేతుల కందివచ్చెను. తరువాత ఆయన పెద్దవాడై కుష్ఠరోగులను దూరమునుండి స్వస్థపరచగలిగియు, చేయి చాపి తాకెను. ఆయనను చూచితిమనియు, తమ చేతులతో తాకితిమనియు ఆయన శిష్యులు సాక్ష్యమిచ్చిరి. తాకుట మొదలు తాకుటయే తుది. అంటరానితనమునకు దేవుడు చెప్పిన జవాబు ఒక శాస్త్రము కాదు, ఒక పసిబిడ్డ.

కావుననే ఆ వార్త మొదట ఎవరికి చేరెనో చూడుడు. రాజమందిరమునకు గాదు, దేవాలయ ప్రధానులకు గాదు. ఊరి వెలుపల రాత్రి మందలు కాయుచున్న గొల్లలకు. జ్ఞానులు తరువాత వచ్చిరి, వారును పరదేశులే. డిసెంబరు 25వ తేదీ అని బైబిలులో లేదు. నాలుగవ శతాబ్దమున రోమా నగరములో ఆ తేదీని పండుగగా ఆచరించిరని చరిత్ర చెప్పుచున్నది. తేదీ మారినను సంగతి మారదు. ఊరి వెలుపలివారికి వార్త ముందు వచ్చినదనుటయే పండుగకు ప్రాణము. ఒంగోలు సీమలోను అట్లే జరిగినది.

మరియొక సంగతి. కులాభిమానులమగు మనము వంశావళులయందు ప్రీతి గలవారము. మత్తయి సువార్తకూడ వంశావళితోనే ఆరంభమగుచున్నది. యూదుల ఆచారమున వంశావళిలో స్త్రీల నెన్నుట అరుదు. మత్తయి మరియకు ముందు నలుగురిని ఎన్నెను: తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య. రాహాబు కనానీయురాలు, రూతు మోయాబీయురాలు. మోయాబీయులు పదితరముల వరకు సభలో చేరరాదని ధర్మశాస్త్రము విధించియుండగా, ఆ రూతునకు మునిమనుమడే దావీదు రాజు! క్రీస్తు తన వంశమును దాచుకొనలేదు, కడిగికొనలేదు. శుద్ధవంశమను గొప్పతనము ఎవరిదైనను, అది ఊరివారిదైనను మనదైనను, ఈ పుటను దాటి పోజాలదు. మన వినుకొండలో 1895లో జన్మించిన గుర్రం జాషువ కవిగారి తల్లిదండ్రులు వేర్వేరు కులములవారు. తండ్రి గొల్ల, తల్లి మాదిగ. గుడిలోనికి పోలేని వాని మొరను గబ్బిలముచేత శివునికి పంపి 1941లో తెలుగువారిని నిలదీసిన ఆ మహాకవియే 1958లో క్రీస్తు చరిత్రను రచించెను. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. వాకిట నిలువబెట్టబడినవాడే వాకిలి తెరచువానిని గుర్తించెను.

లూకా సువార్తలో మరియొక విశేషము గలదు. క్రీస్తు జనాభా లెక్కల కాలమున పుట్టెను. చక్రవర్తి ఆజ్ఞచేత ప్రతివాడును తన పేరు వ్రాయించుకొనుటకు స్వంత ఊరికి పోవలసివచ్చెను. పేరు వ్రాయించుకొను కష్టము మనకు తెలియనిది గాదు. 1950లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు హిందూమతము నవలంబించినవారినే షెడ్యూల్డు కులములలో చేర్చినది. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అందులో చోటు దొరికినది. ఒకే పూరిపాకలో అన్నదమ్ములు వేర్వేరు లెక్కలలోనికి పోయిరి. గుడిలో ఒక పేరు, కాగితముపై మరియొక పేరు పెట్టుకొని బ్రతుకువారి హృదయవేదనను నేను పరిహసింపను, నిందింపను. చక్రవర్తుల లెక్కలు పసిబిడ్డల ప్రాణములకు ఎంత బరువో బేత్లెహేము ప్రయాణమే చెప్పుచున్నది. ఈ విషయమున న్యాయమడుగుట మన సంఘము చేయవలసిన పని.

పుట్టిన కొలదికాలమునకే ఆ బిడ్డ హేరోదు కత్తికి వెరచి పరదేశమునకు పారిపోవలసివచ్చెను. మన సీమవారికి ఇది పురాణము గాదు. 1985 జూలై 17వ తేదీన కారంచేడులో మన సోదరులు ఆరుగురు హతులైరి. మిగిలినవారు బిడ్డలను చంకనిడుకొని చీరాలకు పరుగెత్తి, అచ్చటి చర్చి ఆవరణమున తలదాచుకొనిరి. ఆ సంవత్సరము డిసెంబరులో ఐగుప్తు ప్రయాణమును గూర్చి చదివినపుడు మన గుడులలో దానిని ఎవరును వివరింపనక్కరలేకపోయెను.

ఇప్పుడు ఆ యువకుని ప్రశ్నకు వత్తును. కులసంఘములో క్రీస్తును గూర్చి ఎందుకు మాటలాడవలెను? 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మగారి అధ్యక్షతన మన పెద్దలు సమావేశమై, ఇతరులు పెట్టిన పంచమ నామమును త్రోసివేసి, ఆది ఆంధ్రులమని చాటిరి. అణచబడినవారు కూడి నిలుచుట ధర్మమే. కూలిన గోడక్రింద చిక్కినవారు చేతులు కలిపి గోడను ఎత్తవలెను. అయితే గోడ ఎత్తిన పిదప ఆ రాళ్లతోనే మరియొక గోడ కట్టుదుమా? ఇదే నా ప్రశ్న. మన సంఘము నిచ్చెనగా నున్నంతవరకు క్రీస్తు దానిని మెచ్చును. కంచెయైన నాడు ఆయన కంచెకు వెలుపల నిలుచును. ఆయన ఎప్పుడును వెలుపలివారితోనే యుండును గదా.

ఒంగోలు బాప్టిస్టు సంఘములలో మాదిగలును, గుంటూరు లూథరను సంఘములలో మాలలును అధికసంఖ్యాకులగుట చరిత్ర మెరిగినవారికి విదితమే. ఒకే ఊరిలో రెండు పల్లెలు, రెండు గుడులు, ఒకే బైబిలు. నా చిన్ననాట మా నక్షత్రము డొంకవరకు పోయి వెనుకకు తిరుగుచుండెను. డొంక కావల మాలపల్లె. వారి నక్షత్రమును డొంకవరకే వచ్చి తిరుగుచుండెను. ఒక సంవత్సరము మా వృద్ధ పంతులుగారు గడను తానే పట్టుకొని డొంక దిగిరి. “ఎక్కడికండీ?” అని పెద్దలు అడ్డగింపగా, “జ్ఞానులు నక్షత్రం వెంట పోయారు గాని, నక్షత్రం జ్ఞానుల వెంట పోలేదు, పదండి” అనిరి. మేము పోతిమి. ఆవలివారు మొదట విస్తుపోయి, పిదప చాపలు పరచి, పానకము కలిపి యిచ్చిరి. ఒకే పాటను రెండు రాగములలో పాడుచున్నామని ఆ రాత్రి తెలిసి అందరును నవ్విరి. మరుసటి సంవత్సరము ఆ పంతులుగారు బదిలీయైరి. నక్షత్రము మరల డొంకవద్ద నిలిచినది. డొంక ఆరడుగుల లోతు కూడ లేదు. దానిని దాటుటకు ఒక్కని కాళ్లు చాలినవి. దాటకుండుటకు రెండు పల్లెల పెద్దరికమంతయు కావలసివచ్చినది.

నేటి సంగతి చూడుడు. సాగరు నీరు వచ్చిన పిదప మన భూములు పత్తికిని మిరపకును ప్రసిద్ధికెక్కినవి. మనలో కొందరు ఉద్యోగులైరి, కొందరు కౌలుదార్లైరి, కొందరు స్వంత చేలుగల రైతులైరి. దేవునికి స్తోత్రము. అయితే పత్తితీతకును మిరపకోతకును కర్నూలు సీమనుండి కుటుంబములు బిడ్డలతో తరలివచ్చి, మన చేలగట్లమీద పట్టాలు కట్టుకొని, చలిలో రాత్రులు గడుపుచున్నవి. వారి బిడ్డలు ఆ నెలలు బడి మానుదురు. మన గుడులలో విద్యుద్దీపముల నక్షత్రములు వెలుగుచుండగా, ఊరి వెలుపల పొలములో గర్భిణియగు కూలితల్లి పరుండియుండును. బేత్లెహేము ఎచ్చటనున్నదని ఇంక అడుగ నక్కరలేదు. నాడు చోటు లేదని చెప్పబడినవారము మనము. నేడు చోటు ఇయ్యదగిన ఇండ్లుకూడ మనకు కలవు. సత్రమువాని స్థానమునకు మనము వచ్చితిమా యని ఎవరికివారు పరీక్షించుకొనవలెను.

కావున ఈ మహాసభవారి యెదుట మూడు మనవులు చేయుచున్నాను.

మొదటిది: వచ్చు క్రిస్మసునుండి మన పల్లెల నక్షత్రములు డొంక దాటవలెను. మన పాట మాలపల్లెకు, వారి పాట మన పల్లెకు రావలెను. ప్రేమవిందు ఒకే గంగాళమున వండవలెను. పండుగనాడు కలిసి తిన్నవారు పెండ్లిలో, చావులో విడిగా కూర్చుండుటకు కొంత సిగ్గుపడుదురు. ఆ సిగ్గు మేలుకు దారి.

రెండవది: ప్రేమవిందులో పొలములలోని వలసకూలీలకు మొదటి వరుస యుండవలెను. వారు ఏ మతమువారని అడుగరాదు. మన సాయిబుగారు మనల నడుగలేదు. వారు మన సీమలో నుండు నెలలలో వారి బిడ్డలకు మన ప్రార్థనశాలలలో పగటిపూట చదువు చెప్పుటకు మన చదువుకొన్న యువతీయువకులు పూనుకొనవలెను. ఆదివారము తప్ప ఆ శాలలు ఊరక మూయబడియే యున్నవి.

మూడవది పోషక మహాశయులకు. నేడు పండుగ ఆడంబరము పెరిగి, క్రొత్తగుడ్డలకును విందులకును కూలివాండ్రు అప్పులు చేయుచున్నారు. డిసెంబరులో తెచ్చిన అప్పును మిరపకల్లములో తీర్చలేక వడ్డీలో మునుగుచున్నారు. పేదవానిగా పుట్టినవాని పండుగ పేదవానిని ముంచరాదు. మీరు పందిళ్లకును దీపములకును ఇచ్చు ధనములో సగము తీసి ఒక నిధిగా నేర్పరచి, మన బాలికలు నర్సుల చదువు చదువుటకు వినియోగింపుడు. కుగ్లరమ్మగారు 1883లో గుంటూరు వచ్చి, శ్రమించి, 1898లో స్త్రీలకు ఆసుపత్రి తెరచిన నాటినుండి ఈ సీమలో మన క్రైస్తవ స్త్రీలెందరో తెల్లబట్టలు ధరించి రోగులను తాకుచు, కడుగుచు, కాపాడుచు వచ్చిరి. ఏ చేతులను ఒకనాడు పురుడు ముగియగానే దొడ్డివాకిటికి పంపిరో, ఆ చేతులనే ఈనాడు ముందు వాకిట నమస్కరించి లోనికి పిలుచుచున్నారు. ఆ చేతులకు చదువు చెప్పించుటకంటె క్రీస్తు జననమునకు తగిన కానుక మరియొకటి నాకు తోచుటలేదు. జ్ఞానులు బంగారము తెచ్చిరి గదా, మీరును తెండు.

సోదరీ సోదరులారా, నాకిచ్చిన కాలము ముగిసినది. ఈ మూడు మనవులను తీర్మానములుగా ప్రవేశపెట్టుటకు అధ్యక్షులవారి యనుజ్ఞ వేడుచున్నాను. తీర్మానము కాగితముపై నిలిచిపోకుండ, ప్రతి గ్రామశాఖవారును వచ్చు జనవరిలోగా తాము చేసినదానిని వ్రాసి కార్యదర్శిగారికి పంపవలెనని కోరుచున్నాను.  సమాధానకర్తయగు ప్రభువు మన పల్లెలను, మన ఊళ్లను, మన చేలలో పనిచేయు ప్రతివానిని దీవించుగాక యని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.